నాలుగు కాళ్ల నేస్తం ఉన్న ఇంట్లో నేల శుభ్రత

శాఖలో మధ్యాహ్న భోజనాల దగ్గర మన కబుర్లు బదిలీలు, డీఏ, పిల్లల చదువుల మీదుగా ఇప్పుడు కుక్కపిల్లల దాకా వచ్చాయి. పిల్లలు పై చదువులకు వెళ్లాక ఇల్లు బోసిపోయిందని ఒకరు తెచ్చుకున్నారు. పాప పట్టుబట్టిందని ఇంకొకరు తెచ్చారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వానకు తడుస్తున్న పిల్లికూనను చూసి వదల్లేక మరొకరు ఇంటికి తెచ్చుకున్నారు. మా ఇంట్లో కూడా బ్రౌనీ అనే వీధి కుక్క, చిన్ని అనే పిల్లి ఉన్నాయి. అందుకే ఈ విషయంలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, మీ ఇంట్లో వాసన రాదా? టైల్స్ దేంతో తుడుస్తారు?"

దేంతో తుడవాలన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, ఎవరి కోసం తుడుస్తున్నాం? మనం నేలకు ఐదడుగుల ఎత్తులో ఊపిరి పీల్చుకుంటూ, చెప్పులు వేసుకుని తిరుగుతాం. ఇంట్లో నేలకు మనకంటే దగ్గరగా బతికేవారు వేరే ఉన్నారు. కుక్క నేల మీదే పడుకుంటుంది, నేల మీద పడిన మెతుకును నాకుతుంది. పిల్లి నేల మీద నడిచి, కాసేపటికి కాళ్లన్నీ నాకి శుభ్రం చేసుకుంటుంది. అంటే పొద్దున మనం నేలకు ఏది పూశామో, సాయంత్రానికి అది పిల్లి కడుపులో ఉంటుంది. పాకే పసిబిడ్డ చేతులు నేల మీంచి నేరుగా నోట్లోకి వెళతాయి. ఇక తుడిచే మనిషి చేతులు గంటసేపు ఆ నీళ్లలోనే నానుతాయి. నేల శుభ్రంగా ఉందా అని నిర్ణయించాల్సింది వీళ్ల వైపు నుంచి. ఇది అర్థమైతే ఏది కొనాలి, ఏది కొనకూడదు అన్నది సగం తేలిపోతుంది.

ముందు మన నేల ఏమిటో తెలుసుకుందాం

ఈ మధ్య కట్టిన ఫ్లాట్లలో ఎక్కువగా వేసేవి విట్రిఫైడ్ టైల్స్. మన దేశంలో టైల్స్ తయారీలో అధిక భాగం గుజరాత్‌లోని మోర్బీ పరిసరాల్లోనే జరుగుతుంది. మట్టి, ఫెల్డ్‌స్పార్ వంటి ఖనిజాల పొడిని గట్టిగా అదిమి, దాదాపు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చడంతో అది గాజులాగా గట్టిపడుతుంది. మంచి విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీటిని పీల్చదు. గోడలకు వేసే మామూలు సిరామిక్ టైల్స్ 10 శాతం పైగా పీల్చుకోగలవు. కాబట్టి విట్రిఫైడ్ టైల్ మీద కుక్క మూత్రం పోసినా అది పైనే నిలుస్తుంది, లోపలికి దిగదు.

మరి వాసన ఎక్కడిది? టైల్‌కీ టైల్‌కీ మధ్య ఉండే సందుల్లోది. ఈ సందుల్లో నింపిన వైట్ సిమెంట్ లేదా సిమెంట్ గ్రౌట్ స్పాంజిలాగా కంటికి కనిపించని రంధ్రాలతో ఉంటుంది. మనవాళ్లకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఒక చిన్న లెక్క చూద్దాం. 10 అడుగులు, 12 అడుగుల గదిలో 2 అడుగుల టైల్స్ 30 పడతాయి. వాటి మధ్య సందుల మొత్తం పొడవు 98 అడుగులు. అంటే ఒక్క పడకగదిలోనే దాదాపు వంద అడుగుల సన్నటి కాలువ ఉందన్నమాట. సందు వెడల్పు 3 మిల్లీమీటర్లు అనుకుంటే, మొత్తం నేలలో దాని వాటా సుమారు ఒక్క శాతం. ఆ ఒక్క శాతమే మిగతా 99 శాతానికి చెడ్డపేరు తెస్తుంది. మన రికవరీ విభాగంలో పనిచేసినవారికి ఈ నిష్పత్తి కొత్తేమీ కాదు.

అందరి ఇళ్లలో టైల్సే ఉండవు. తెలంగాణలో తాండూరు బండలు, రాయలసీమలో కడప, బేతంచర్ల బండలు వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇవన్నీ సున్నపురాయి జాతివి. పాత క్వార్టర్లలో మొజాయిక్ ఉంటుంది, కొందరి ఇళ్లలో మార్బుల్. వీటన్నిటికీ ఉమ్మడి శత్రువు ఆమ్లం. నిమ్మరసం, వెనిగర్, బాత్‌రూమ్ యాసిడ్ ఏది పడినా సున్నపు పదార్థం కరిగి, మెరుపు పోయి, గరుకుతేలుతుంది. సిమెంట్ గ్రౌట్ సంగతీ అంతే. యాసిడ్ పోసి రుద్దగానే సందులు తెల్లగా మెరుస్తాయి, నిజమే. పైపొర కరిగిపోయింది కాబట్టే ఆ మెరుపు. ఆ తర్వాత మిగిలిన గరుకు ఉపరితలం మునుపటికంటే త్వరగా మురికిని పట్టుకుంటుంది. రెండు నెలలకు మళ్లీ యాసిడ్ పోస్తారు. అలా రెండు మూడేళ్లు గడిస్తే సందుల్లో గ్రౌట్ మిగలదు, గుంటలు మిగులుతాయి.

ఏ మురికికి ఏ మందు

పెంపుడు జంతువుల ఇంట్లో మురికి ప్రధానంగా మూడు రకాలు. అన్నిటికీ ఒకే బకెట్, ఒకే గుడ్డ వాడటంతోనే శ్రమ పెరుగుతుంది, ఫలితం తగ్గుతుంది.

మొదటిది వెంట్రుకలు, పొడి చర్మపు పొట్టు. వీటిని పొడిగా ఉన్నప్పుడే తీసేయాలి. తడిగుడ్డ ముందు పెడితే వెంట్రుకలు నేలకు అతుక్కుని, గుడ్డకు చుట్టుకుని, ఇల్లంతా తిరుగుతాయి. కుంచె చీపురుతో గట్టిగా ఊడిస్తే గాలికి లేచి సోఫా మీద వాలతాయి. బాత్‌రూమ్‌లో నీళ్లు నెట్టే రబ్బరు వైపర్ లాంటిదే ఇంకొకటి గదుల కోసం విడిగా పెట్టుకోండి. పొడి నేల మీద దాన్ని మీ వైపు లాగితే వెంట్రుకలన్నీ ఉండగా చుట్టుకుని వచ్చేస్తాయి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే ఇంకా మంచిది. అన్నిటికంటే చవకైన ఉపాయం కుక్కను రోజూ ఐదు నిమిషాలు బాల్కనీలో దువ్వడం. దువ్వెనకు వచ్చిన వెంట్రుక నేల మీద పడదు కదా.

రెండోది కాళ్ల మట్టి, చొంగ, చర్మపు జిడ్డు. దీనికి కాస్త సబ్బు గుణం ఉన్న నీళ్లు, తర్వాత మంచినీళ్లు చాలు. క్రిమిసంహారకాలతో పనే లేదు. వాకింగ్ నుంచి రాగానే గుమ్మం దగ్గరే ఒక పాత తువ్వాలుతో నాలుగు కాళ్లూ తుడిస్తే ఈ పని సగానికి తగ్గుతుంది. వానాకాలంలో ఇది తప్పనిసరి. వేళ్ల సందుల్లో తడి ఉండిపోతే కుక్కకు చర్మవ్యాధులు కూడా వస్తాయి.

మూడోది మూత్రం, మలం, వాంతి. అసలు కథంతా ఇక్కడే ఉంది. మూత్రంలో యూరియా ఉంటుంది. తాజాగా ఉన్నప్పుడు దాని వాసన అంత ఘాటుగా ఉండదు. గంటలు గడిచేకొద్దీ బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. ముక్కు మండేది అప్పుడే. పిల్లి మూత్రంలో ఫెలినిన్ అనే మరో పదార్థం ఉంటుంది. అది విడిపోయినప్పుడు గంధకం కలిసిన ఘాటు వాసన వస్తుంది. ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. దీనితోపాటు నీటిలో సులభంగా కరగని యూరిక్ ఆమ్లపు లవణాలు సందుల్లో స్ఫటికాలుగా మిగిలిపోతాయి. ఎండాకాలమంతా ఊరుకున్న వాసన తొలకరి తేమ తగలగానే మళ్లీ లేవడానికి ఇదొక కారణం. ఖాతా మొండి బకాయిగా మారడానికి 90 రోజులు పడుతుంది. గ్రౌట్‌లోకి దిగిన మూత్రానికి ఒక్క రాత్రి చాలు.

ఫినాయిల్ సంగతి

మన ఇళ్లలో శుభ్రతకు గుర్తు ఫినాయిల్ వాసన. పండక్కి, చుట్టాలు వచ్చినప్పుడు, పురిటి ఇంట్లో, ఎక్కడైనా అదే. మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా రెండు. నల్ల ఫినాయిల్‌లో తారు నుంచి తీసిన ఫినాల్ జాతి ఆమ్లాలు ఉంటాయి. తెల్ల ఫినాయిల్‌లో ఎక్కువగా పైన్ నూనె ఉంటుంది. మొదటిదాన్ని పెంపుడు జంతువులున్న ఇంటి గుమ్మం లోపలికి అసలు రానివ్వకూడదు. రెండోది కూడా పిల్లులకు మంచిది కాదు.

కారణం పిల్లి కాలేయంలో ఉంది. ఫినాల్ వంటి పదార్థాలు ఒంట్లోకి వెళ్తే మన కాలేయం వాటిని మరో పదార్థంతో జతచేసి, నీటిలో కరిగేలా మార్చి, మూత్రం ద్వారా పంపేస్తుంది. ఈ పనికి కావలసిన ఎంజైమ్ వ్యవస్థ పిల్లుల్లో చాలా బలహీనం. మనకు ఒక పూటలో పోయేది వాటి ఒంట్లో రోజుల తరబడి ఉండిపోతుంది. పారాసెటమాల్ మాత్ర పిల్లికి ప్రాణాంతకం కావడానికి కూడా మూలం ఈ లోపమే.

మా పక్క శాఖలో పనిచేసే సహోద్యోగి ఒకామె ఒక సాయంత్రం ఫోన్ చేశారు. "అక్కా, మా పిల్లి నోట్లోంచి చొంగ కారుతోంది. మంచం కిందికి దూరి బయటికి రావట్లేదు. ఏదో కరిచిందంటారా?" ఆ రోజు ఇంట్లో ఏం మారిందని అడిగితే, శ్రావణ శుక్రవారమని నేలంతా చిక్కటి ఫినాయిల్‌తో తుడిపించారని తెలిసింది. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్కతో పిల్లి కాళ్లు, పొట్ట కడగమన్నాను. మళ్లీ నాకకుండా తువ్వాలులో చుట్టమన్నాను. వాంతి చేయించే ప్రయత్నం వద్దనీ, ఫినాయిల్ సీసాతో సహా వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లమనీ చెప్పాను. పిల్లి నాలుక మీద పొక్కులు లేచాయి. రెండు రోజులు సెలైన్ ఎక్కించాక తినడం మొదలుపెట్టింది. సీసా వెంట తీసుకెళ్లడం వల్ల ఏం లోపలికి వెళ్లిందో వైద్యుడికి వెంటనే తెలిసింది. ఇలాంటి పరిస్థితి ఎవరికి ఎదురైనా చేయాల్సింది ఇదే: కడగండి, నాకనివ్వకండి, సీసా పట్టుకుని పరుగెత్తండి.

ఫినాయిల్ ఒక్కటే కాదు, మరికొన్నిటి విషయంలోనూ జాగ్రత్త అవసరం.

నీళ్లలో కలపగానే తెల్లగా మారే గోధుమ రంగు యాంటిసెప్టిక్ ద్రవాల్లో క్లోరోజైలినాల్ ఉంటుంది. అది కూడా ఫినాల్ జాతిదే. పిల్లి ఉన్న ఇంట్లో తుడిచే నీళ్లలో వేయకండి.

రంగురంగుల సువాసన ఫ్లోర్ క్లీనర్లలో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటుంది. లేబుల్ మీద చెప్పిన కొలతలో కలిపి, ఆరేదాకా జంతువులను గదిలోకి రానివ్వకుండా వాడితే ఇబ్బంది ఉండదు. "ఇంకో మూత పోస్తే ఇంకా శుభ్రం" అనుకోవడంతోనే ప్రమాదం. తడి మీద నడిచి కాళ్లు నాకిన పిల్లులకు దీనివల్ల నోటిలో పుండ్లు పడతాయి.

తుడిచే నీళ్లలో కలరా ఉండలు, కర్పూరం వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. కలరా ఉండల్లోని నాఫ్తలిన్ ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. టీ ట్రీ, యూకలిప్టస్, నిమ్మగడ్డి నూనెలు సహజమైనవే అయినా పిల్లులకు పడవు. బొద్దింకల కోసం గీసే చాక్‌పీస్ గీతల్లోని మందు కూడా పిల్లులకు విషమే.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక: బ్లీచింగ్ ద్రవాన్ని దేనితోనూ కలపవద్దు. మూత్రం ఉన్నచోట నేరుగా బ్లీచ్ పోస్తే, మూత్రంలోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ వాయువులు పుడతాయి. బాత్‌రూమ్ యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువే విడుదలవుతుంది. తలుపులు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో ఇది మనుషులకే ప్రాణాపాయం. కుక్క ఎత్తులో ఇంకా ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే క్లోరిన్ గాలికంటే బరువైనది, నేల దగ్గరే పేరుకుంటుంది.

రోజూ, వారానికోసారి

మా ఇంటి పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. పొద్దున రబ్బరు వైపర్‌తో వెంట్రుకలు లాగేస్తాం. తర్వాత రెండు బకెట్లు. ఒకదానిలో క్లీనర్ కలిపిన నీళ్లు, రెండోదానిలో ఉత్త నీళ్లు. మాప్‌ను మొదటిదానిలో ముంచి తుడిచి, మురికి గుడ్డను రెండోదానిలో జాడించి పిండి, మళ్లీ మొదటిదానిలో ముంచుతాం. ఒకే బకెట్ వాడితే మూడో గదికి వచ్చేసరికి మురికి నీళ్లతో నేలకు కళ్లాపి చల్లుతున్నట్టే. చివర ఉత్త నీళ్లతో ఇంకోసారి తుడిచి, ఫ్యాన్ వేసి ఆరనిస్తాం. ఆ పావుగంట బ్రౌనీ బాల్కనీలో, చిన్ని పడకగదిలో ఉంటాయి.

చివర ఉత్త నీళ్లతో తుడవడం అదనపు పనిలా అనిపిస్తుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఇది మరీ అవసరం. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి జిగురు పొరగా టైల్ మీద మిగులుతాయి. ఆ పొర మీద ప్రతి అడుగుజాడ, ప్రతి వెంట్రుక అతుక్కుంటుంది. "ఎంత తుడిచినా టైల్స్ మసకగానే ఉంటున్నాయి" అనేవారు ముందుగా క్లీనర్ తగ్గించి చూడండి. చాలా ఇళ్లలో సమస్య ఎక్కువైన క్లీనర్‌దే.

వారానికోసారి గది చొప్పున సందుల పని పెట్టుకుంటాం. వంటసోడా మూడు చెంచాలకు నీళ్లు ఒక చెంచా కలిపి ముద్దలా చేసి, సందుల్లో పూసి, పది నిమిషాలాగి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగేయాలి. వెనిగర్, వంటసోడా కలిపితే బుసబుస పొంగుతుంది కాబట్టి గొప్పగా శుభ్రమవుతుందని చాలామంది నమ్మకం. ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. చివరికి మిగిలేది దాదాపు ఉప్పునీళ్లు లాంటి ద్రవమే. మొండి మరకలకు మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను సమానంగా నీళ్లు కలిపి వాడవచ్చు. రంగు గ్రౌట్ అయితే ముందు ఒక మూలన పరీక్షించండి, రంగు వెలిసిపోవచ్చు.

మూత్రం పడినప్పుడు

ఇక్కడ వరుస ముఖ్యం. ముందు పాత గుడ్డతోగానీ పేపర్‌తోగానీ అద్ది పీల్చాలి. రుద్దితే పక్క సందుల్లోకి పాకుతుంది. తర్వాత చన్నీళ్లతో రెండుసార్లు కడిగి మళ్లీ అద్దాలి. ఆపై ఎంజైమ్ క్లీనర్ పోయాలి. పెంపుడు జంతువుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో ఇవి దొరుకుతున్నాయి. వీటిలోని ఎంజైములు, మంచి బ్యాక్టీరియా వాసన పుట్టించే పదార్థాన్నే విడగొట్టి తినేస్తాయి. సువాసన క్లీనర్ చేసేది దాన్ని కప్పిపుచ్చడం మాత్రమే. మన ముక్కును మోసం చేయగలదు, కుక్క ముక్కును చేయలేదు. ఎంజైమ్ క్లీనర్ పనిచేయడానికి సమయం కావాలి. లేబుల్ మీద చెప్పినంతసేపు తడిగా ఉంచి, తర్వాత తుడవాలి. దానికి ముందు బ్లీచ్‌గానీ మరిగే నీళ్లుగానీ పోస్తే ఎంజైములు చచ్చిపోతాయి, డబ్బులు దండగ.

తుడిచినా వాసన ఎక్కడినుంచో వస్తూంటే చిన్న యూవీ టార్చ్ కొనుక్కోండి. రాత్రి లైట్లు ఆర్పి నేల మీద, గోడ అంచుల మీద వేస్తే పాత మూత్రపు మరకలు పసుపుపచ్చగా మెరుస్తాయి. దొంగనోట్లు పట్టుకోవడానికి కౌంటర్లో మనం వాడే వెలుగే ఇది. (శాఖలోని యంత్రాన్ని ఇంటికి పట్టుకెళ్లమని నా ఉద్దేశం కాదు!)

మలం విషయంలో ఆలస్యం చేయకపోవడమే పెద్ద రక్షణ. కుక్క మలంలోని ఏలికపాముల గుడ్లు అంటువ్యాధి కలిగించే స్థితికి రావడానికి వారాలు పడుతుంది. పిల్లి మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. లిట్టర్ ట్రేను ప్రతిరోజూ శుభ్రం చేస్తే ఆ అవకాశమే దానికి ఇవ్వం. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ పని ఇంకొకరు చేయాలి. పిల్లిని వదిలించుకోవాల్సిన అవసరం లేదు.

బ్లీచ్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫ్లోర్ క్లీనర్లకు అది లొంగదు. ఆ జబ్బు వచ్చిన ఇంట్లో ముందు నేలను సబ్బుతో బాగా కడిగి, ఆ తర్వాత లీటరు నీళ్లకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున 5 శాతం బ్లీచ్ కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, కడిగి, బాగా ఆరనివ్వాలి. కిటికీలు తెరిచి, జంతువులను, పిల్లలను బయట ఉంచి చేయాలి.

నేల చెప్పే మాట వినండి

బుద్ధిగా బయటికి వెళ్లే కుక్క ఉన్నట్టుండి హాల్లో మూత్రం పోస్తే అది పొగరని తిట్టేస్తాం. ముక్కును అందులో రుద్దేవాళ్లూ ఉన్నారు. దానివల్ల కుక్క నేర్చుకునేది మన ఎదుట పోయకూడదని మాత్రమే. తర్వాత సోఫా వెనక పోస్తుంది. అలవాటు హఠాత్తుగా మారిందంటే మూత్రనాళ ఇన్ఫెక్షన్, మధుమేహం, మూత్రపిండాల జబ్బు, ముసలితనం, వీటిలో ఏదో ఒకటి కావచ్చు. నీళ్లు ఎక్కువ తాగుతోందా, మూత్రంలో రక్తం ఉందా గమనించి వైద్యుడికి చెప్పండి.

ఒక్క విషయం మాత్రం పిల్లులున్న ప్రతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మగపిల్లి మళ్లీ మళ్లీ ట్రేలోకి వెళ్లి ముక్కుతూ, చుక్క మాత్రమే పోస్తూ లేదా అసలు పోయలేకపోతూ ఉంటే దాని మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. చాలామంది మలబద్ధకం అనుకుని రేపు చూద్దామంటారు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోయే పరిస్థితి అది. ఆదివారమైనా, అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నేల పొడిగా ఉందని సంతోషించకూడని సందర్భం ఇదొక్కటే.

సందుల గురించి చివరగా ఒక మాట. కుక్కల పిడుదులు గుడ్లు పెట్టడానికి ఒంటి మీంచి దిగి గోడ పగుళ్లలోకి, స్కర్టింగ్ వెనక్కి, విరిగిన గ్రౌట్‌లోకి దూరతాయి. ఒక్కో ఆడపిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. కుక్కకు మందు వేసి నేలను వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. కాబట్టి పగుళ్లు నింపించండి. కొత్తగా టైల్స్ వేయించేవారు సిమెంట్ గ్రౌట్ బదులు ఎపాక్సీ గ్రౌట్ అడగండి. ఖర్చు ఎక్కువే అయినా అది నీటిని దాదాపు పీల్చదు. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ చుక్కల మందును పిల్లికి ఎప్పుడూ వేయకండి, అది పిల్లికి విషం.

అద్దె ఇళ్లలో, లీజు ఇళ్లలో ఉండే మనకు ఇదంతా ఇంకో రకంగా కూడా అవసరం. బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లినప్పుడు "కుక్క ఉంటే ఇల్లు ఇవ్వం" అనే ఓనర్లు ఎదురవుతారు. వాళ్ల భయం చాలావరకు వాసన గురించే. ఖాళీ చేసేటప్పుడు మనం వదిలే నేల, మన తర్వాత వచ్చే కుక్కగలవాళ్లకు ఇల్లు దొరుకుతుందా లేదా అన్నది నిర్ణయిస్తుంది. వాసన భరించలేక పెంచుకున్న జీవిని వీధిలో వదిలేసే ఇళ్లనూ చూస్తున్నాం. 1960 నాటి జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా అలా వదిలేయడం నేరం. ఒక ఎంజైమ్ సీసా, ఒక టూత్‌బ్రష్‌తో తీరే సమస్యకు అంత శిక్ష వేయకూడదు.

మీ ఇంటి నేల ఎలా ఉందో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష చెబుతాను. తుడిచి, పూర్తిగా ఆరిన తర్వాత తెల్ల సాక్సులు వేసుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. అడుగున నల్లబడితే మురికి పోలేదని అర్థం. అడుగు జిగురుగా అంటుకుంటే క్లీనర్ ఎక్కువైందని అర్థం. వాసన ఏమీ లేకుండా, సాక్సు పొడిగా, తెల్లగా ఉంటే మీ కుక్క, మీ పిల్లి, మీ మనవరాలు ఆ నేల మీద నిశ్చింతగా పొర్లవచ్చు. ఇంకొక్క పని. మీ ఇంట్లో నేల తుడిచే ఆమెకు రేపే ఒక జత రబ్బరు చేతి తొడుగులు కొనివ్వండి. సీసా మీది కొలతను తెలుగులో ఒక చీటీ మీద రాసి బకెట్ పక్కన అంటించండి.